జిమ్ థోర్ప్ – గొప్ప ఆదివాసీ ఆటగాడు

మన పుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని రాస్తారు కదా, వాళ్ళు అమెరికా ఆదివాసులు. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్నది వాళ్ళే. వాళ్ళలో సాక్ అండ్ ఫాక్స్ అనే తెగలో పుట్టిన జిమ్ థోర్ప్ జీవితం గురించి తెలుసుకుందాం. అతను కూడా హాస్టల్ పిల్లవాడే.

జిమ్ 1887లో, ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో జన్మించాడు. ఇంట్లో పెట్టిన పేరు వా-థో-హుక్. అంటే వెలుగు దారి అని అర్థం. అతనికి చార్లీ అనే కవల సోదరుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే బడికి పోయేవారు. తొమ్మిదేళ్ళ వయసులో చార్లీ జబ్బు చేసి చనిపోయాడు. అప్పటి నుంచి జిమ్‌కి బడిలో మనసు నిలవలేదు. ఎన్నోసార్లు పారిపోయి ఇంటికి వచ్చేశాడు. తండ్రి మళ్ళీ మళ్ళీ పంపేవాడు. 1904లో చాలా దూరంలో ఉన్న కార్లైల్ బడికి పంపించారు. తల్లి, తండ్రి ఇద్దరూ అతను పెద్దవాడు కాకముందే చనిపోయారు.

కార్లైల్ బడిని 1879లో పాత మిలిటరీ ఇళ్ళలో పెట్టారు. అక్కడ ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష వేసేవారు. ఆ బడిలో జబ్బులతో చాలామంది పిల్లలు చనిపోయారు. ఐతే అదే బడిలో పిల్లలు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకున్నారు.

అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి రెండు చివరలా మొనదేలి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. 1869లో రెండు కాలేజీల మధ్య మొదటి ఆట జరిగినప్పుడు ఒక్కో జట్టులో 25 మంది ఉన్నారు. వాల్టర్ క్యాంప్ అనే ఆయన చెప్పగా 1880లో 11 మంది చాలన్నారు. 1882లో ఇంకో రూలు పెట్టారు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు పోవాలి, లేదంటే బంతి అవతలివాళ్ళకు ఇచ్చేయాలి. అందుకని అందరూ గుంపుగా కలిసి నెట్టడం మొదలుపెట్టారు. కాళ్ళు, మెడలు విరిగేవి. 1905లో ఒక్క సంవత్సరంలోనే 18 మంది దాకా చనిపోయారు. ఆట ఆపేయాలని గొడవ అయింది. అప్పుడు 1906లో రూల్స్ మార్చారు. మూడు ప్రయత్నాల్లో 10 గజాలు పోవాలి, బంతిని గాలిలో ముందుకు విసరవచ్చు అన్నారు.

నెట్టుకునే ఆటలో బరువున్నవాడిదే గెలుపు. కార్లైల్ పిల్లలు సన్నగా ఉండేవారు, కానీ బాగా ఉరికేవారు. కొత్త రూలు వాళ్ళకు కలిసి వచ్చింది. 1907లో పెద్ద యూనివర్సిటీ అయిన పెన్సిల్వేనియాను 26-6తో ఓడించారు. ఆ ఏడాదే జిమ్ జట్టులోకి వచ్చాడు. 1911లో హార్వర్డ్‌ను 18-15తో ఓడించినప్పుడు జిమ్ ఒక్కడే నాలుగుసార్లు బంతిని కాలితో గోలులోకి కొట్టాడు. ఒక్కోదానికి 3 చొప్పున 12 పాయింట్లు! 1912లో మిలిటరీ కాలేజీ జట్టును 27-6తో గెలిచారు. వాళ్ళ తాతల మీద తుపాకులు పేల్చింది ఆ సైన్యమే.

అదే 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో జిమ్ అయిదు ఆటల పోటీలో, పది ఆటల పోటీలో రెండు బంగారు పతకాలు తెచ్చాడు. కానీ ఏం లాభం? 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. 1909, 1910 వేసవి సెలవుల్లో కొంచెం డబ్బుకు బేస్‌బాల్ ఆడటమే అతని తప్పు. డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్‌లో ఆడకూడదని రూలు. చాలామంది కాలేజీ కుర్రాళ్ళు అలాగే ఆడేవారు, కానీ దొంగ పేర్లు పెట్టుకునేవారు. జిమ్ సొంత పేరుతో ఆడాడు. ఇంకో రూలు కూడా ఉంది. ఫిర్యాదు ఏదైనా 30 రోజుల్లోపు చేయాలి. అతని మీద మాట వచ్చింది ఆరు నెలల తర్వాత. ఆ రూలు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

జిమ్ ఆట మానలేదు. 1915 నుంచి క్యాంటన్ జట్టులో డబ్బుకు ఫుట్‌బాల్ ఆడాడు. 1920లో పెట్టిన ఫుట్‌బాల్ సంఘానికి అతనే మొదటి అధ్యక్షుడు. ఇప్పటి ఎన్.ఎఫ్.ఎల్. అదే. 1922, 1923లో అందరూ ఆదివాసులే ఉన్న జట్టును నడిపించాడు. వయసు అయ్యాక పాపం కూలి పనులు కూడా చేశాడు. 1953 మార్చి 28న చనిపోయాడు.

1982లో ఆ 30 రోజుల రూలు చూపించాక ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది. 1983లో పిల్లలకు పతకాలు ఇచ్చారు. కానీ రెండో స్థానం వచ్చినవాళ్ళతో కలిపి విజేత అని రాశారు. 2022లో గానీ అతనొక్కడే విజేత అని రాయలేదు. మొత్తం 110 ఏళ్ళు పట్టింది.

మిత్రులారా, జిమ్ దగ్గర బలం ఉంది, నిజాయితీ ఉంది. రూలు చదివి అతని తరపున అడిగే మనిషే సమయానికి లేడు. అందుకే మనం ఆటలూ ఆడాలి, చదువూ చదవాలి. మన కోసం ఏ రూలు రాశారో మనమే చదివి తెలుసుకోవాలి.

– 9వ తరగతి విద్యార్థిని