నాయనమ్మ డబ్బాలో రెండు మాత్రలు

మాది ఎల్బీ నగర్. నాయనమ్మకు కీళ్ళవాతం. ఆమె మందులు తెచ్చే డ్యూటీ నాదే, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి కొనుక్కొస్తా. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, ఇంకోరోజు ఫోలిక్ యాసిడ్. మొదటిది రెండోదాన్ని అడ్డుకునే మందట. మరి రెండూ ఎందుకిస్తారని వెతికితే, రెండింటి వెనకా ఒకే తెలుగాయన కనిపించారు: యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు (సప్లీ బ్యాచ్, వింటున్నారా!). మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు దొరల కోపానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు.

మామగారి సాయంతో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదివారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, కండరంలో ఏటీపీని కనుక్కున్నారు. అయినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు.

1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకి మందు దొరికింది, కానీ అన్నదమ్ములకు పాతికేళ్ళు ఆలస్యంగా.

అసలు మలుపు ఆ తర్వాతే. కణం రెండు కావాలంటే క్రోమాటిన్‌లో చుట్టుకుని ఉన్న డీఎన్ఏ మొత్తం కాపీ కావాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణానికైతే మరీ ఎక్కువ. అచ్చం అలాగే ఉండే నకిలీది పంపితే? తాళంలో ఇరుక్కున్న దొంగ తాళంచెవిలా పని ఆగిపోతుంది. అలా పుట్టిందే అమినోప్టెరిన్. డాక్టర్ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మంది కోలుకున్నారు, కొంతకాలమే అయినా. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. వయసు 53. అమినోప్టెరిన్ తమ్ముడే మన మెథోట్రెక్సేట్.

ఇదంతా చెప్తే నాయనమ్మ మందుల సంగతి పక్కనపెట్టి, మరి ఆయన భార్య ఏమైందిరా అని అడిగింది. ఆయన మళ్ళీ ఇండియాకు రాలేదు. శేషగిరిగారు ఆయన్ని మళ్ళీ చూడనేలేదు.

ఎంఎస్ కోసం నేనూ ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నా. నాయనమ్మకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.