నీటికి లెక్క చెప్పిన ఫ్రాంటినస్

రోమను చరిత్ర అనగానే మనకు చక్రవర్తులు, యుద్ధాలు స్ఫురిస్తాయి. అదే చరిత్రలో, వృత్త వైశాల్యపు లెక్కతో ప్రజల సొత్తును కాపాడిన ఒక ఉన్నతాధికారి కూడా ఉన్నాడు. ఆయనే సెక్స్‌టస్ జూలియస్ ఫ్రాంటినస్.

క్రీస్తు శకం మొదటి శతాబ్దికి చెందిన ఫ్రాంటినస్ క్రీ.శ. 70లో రోము నగరంలో ప్రేటర్ అనే న్యాయాధికార పదవిని నిర్వహించాడు. పిమ్మట బ్రిటన్‌కు గవర్నరుగా వెళ్ళి, నేటి వేల్సు ప్రాంతంలోని సిలూర్ తెగను జయించాడు. యుద్ధతంత్రాలపై గ్రంథం రచించాడు. అత్యున్నతమైన కాన్సల్ పదవిని కూడా అలంకరించాడు. ఇన్ని గౌరవాలు పొందిన వ్యక్తిని క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి నగర జలసరఫరాకు అధిపతిగా నియమించాడు.

అప్పటికి రోముకు 9 కాలువల ద్వారా నీరు వచ్చేది. వాటి నిర్వహణకు 700 మంది బానిసలు ఉండేవారు. క్రింది ఉద్యోగులు చెప్పినదానికి తల ఊపి సంతకం చేయడం ఫ్రాంటినస్‌కు నచ్చలేదు. తన విధిని తానే తెలుసుకోవాలని ప్రతి కాలువ పుట్టుక, పొడవు, ఎత్తు, నీటి పరిమాణం పరిశీలించి గ్రంథస్థం చేశాడు.

ఆనాడు నీటిని గొట్టపు నోటి పరిమాణాన్ని బట్టి కేటాయించేవారు. కొలతకు ప్రమాణం డిజిట్. అనగా వ్రేలి వెడల్పు, అడుగులో 16వ వంతు. 1¼ డిజిట్ల వ్యాసం గల గొట్టాన్ని క్వినారియా అని పిలిచి, దాని మధ్యచ్ఛేద వైశాల్యాన్ని నీటి కొలమానంగా గ్రహించారు. గొట్టాన్ని అడ్డంగా కోసినపుడు కనిపించే వృత్తపు వైశాల్యమే మధ్యచ్ఛేద వైశాల్యం. ఫ్రాంటినస్ 25 రకాల గొట్టాలకు కొలతలు లెక్కగట్టి పట్టికగా వ్రాశాడు.

ఆ లెక్కలోనే మోసం బయటపడింది. జనానికి నీరిచ్చే 20వ నంబరు గొట్టం వ్యాసం సుమారు 5 డిజిట్లు. నీటి సిబ్బంది దానిని అర డిజిట్ తగ్గించి వాడుతున్నారు. చూపులకు అది అల్పమైన తేడా. కాని వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. 5 వర్గం 25. నాలుగున్నర వర్గం 20¼. అంటే దాదాపు ఐదవ వంతు నీరు మాయమైనట్లే! తాము నీరు తీసుకొనే 100, 120 నంబరు గొట్టాలను మాత్రం వారు పెద్దవి చేసుకొన్నారు. ఇచ్చేటప్పుడు తగ్గింపు, పుచ్చుకొనేటప్పుడు హెచ్చింపు! మిగిలిన నీటిని అమ్ముకొనేవారు. వీధుల అడుగున దొంగగొట్టాలు కూడా ఉండేవి. ఫ్రాంటినస్ వాటిని పెరికించగా ఎంతో సీసం చేజిక్కింది. అధికార ముద్ర లేని గొట్టాలను ఆయన అంగీకరించలేదు.

ఆయన లెక్కకూ ఒక పరిమితి ఉంది. వేగంగా పారే నీరు అదే గొట్టం గుండా ఎక్కువగా వస్తుందని ఆయన గ్రహించాడు గాని, వేగాన్ని గణనలో చేర్చలేకపోయాడు. నేడు మధ్యచ్ఛేద వైశాల్యాన్ని వేగంతో గుణించి ప్రవాహాన్ని కనుగొంటున్నాము.

క్రీ.శ. 100లో ట్రాజన్ చక్రవర్తితో కలిసి మూడవసారి కాన్సల్ అయిన ఫ్రాంటినస్, ఆ తరువాత మూడు నాలుగేళ్ళలో కన్నుమూశాడు. తనకు స్మారక చిహ్నం నిర్మించవద్దని ముందే ఆదేశించాడు. ఆయన గ్రంథపు వ్రాతప్రతి 1429లో ఇటలీలోని మోంటె కాసినో మఠంలో లభించడంతో ఆ పట్టికలు లోకానికి తిరిగి దక్కాయి.

తొమ్మిదవ తరగతి పిల్లవాడు వృత్త వైశాల్య సూత్రాన్ని వల్లించి మార్కులు తెచ్చుకొంటాడు. అందుకు తల్లిదండ్రులు సంతోషించడం సహజమే. కాని ఇంటి కుళాయి గొట్టం వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుందనీ, రాగితీగ వ్యాసం సగమైతే వైశాల్యం నాల్గవ వంతుకు దిగి విద్యుత్ నిరోధం నాలుగింతలు పెరుగుతుందనీ వాడు గ్రహించినప్పుడే ఆ చదువు వాడి సొంతమవుతుంది. లెక్క తెలిసినవాడిని మోసగించడం కష్టం. లెక్క తెలిసి నీతి తప్పనివాడు పదిమందికి అండ. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న మన పాఠశాల నుండి అటువంటివారు తరతరాలుగా వెలువడాలని ఆకాంక్షిస్తున్నాను.