హోండా ఇషిరో

జపాను దేశమున యమగట ప్రాంతమందలి యొక కొండపల్లెలో, బౌద్ధ పురోహితుని కుమారుడుగా హోండా ఇషిరో 1911లో జన్మించెను. 1933లో చలనచిత్ర సంస్థలో చేరెను. కాని సైన్యమువారు పలుమారు పిలుచుటచే అతని యౌవనము చాలవరకు చైనా యుద్ధభూమిలో గడచెను. 1946లో చెర వీడి మరలి వచ్చుచు హిరోషిమాను చూచెను. ఒక్క బాంబునకు బూడిదయైన యా నగర మతని మనస్సును విడువలేదు.

1954 మార్చి 1వ తేదీన అమెరికావారు బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబును పరీక్షించిరి. దూరమున చేపలు పట్టుచున్న జపాను పడవపై విషభస్మము కురిసి, అందలి 23 మంది రోగగ్రస్తులైరి. ఒకడు సెప్టెంబరులో మరణించెను. నవంబరులో హోండా తీసిన ‘గోజిరా’ చిత్రము వెలువడెను. బాంబు పరీక్షలచే కదలివచ్చిన సముద్రమృగము టోక్యోను దహించుట అందలి కథ. మృగమనగా తొడుగు ధరించిన మనుష్యుడే, నగరమన్నను బొమ్మలకొలువే. అయినను క్రిక్కిరిసిన వైద్యశాలలు, తల్లికై యేడ్చు బిడ్డ వట్టి కల్పనలు కావు. తొమ్మిదేండ్ల క్రిందట జపాను ప్రజలు కన్నులార చూచినవే.

మృగమును చంపగల ఆయుధమును కనుగొన్న శాస్త్రజ్ఞుడు, అది పాలకుల చేత బడునని వెరచి, తన వ్రాతలను కాల్చి, మృగముతోడనే సముద్రమున ప్రాణములు విడుచును. హోండా హృదయ మిచ్చటనే యున్నది. 1956లో అమెరికాలో ప్రదర్శించిన ప్రతిలో బాంబు ప్రస్తావనలు పెక్కు తొలగింపబడెను.

హోండా అట్టి చిత్రములు మరికొన్ని తీసి, వార్ధక్యమున మిత్రుడగు కురొసావాకు సహాయకుడై పనిచేసి, 1993లో కన్ను మూసెను.