అవమానించిన సభల నుంచి గండపెండేరం దాకా.. ఇదీ జాషువా ప్రస్థానం

తెలుగు పద్యం పండితుల గుప్పిట్లో ఉన్న రోజులవి. 1895లో నేటి పల్నాడు జిల్లా వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఆ కోటలోకే అడుగుపెట్టారు. కులం పేరుతో సభల్లో అవమానించారు. అయినా ఆయన పద్యం వదల్లేదు.

పండితుల ఛందస్సులోనే, కాళిదాసు మేఘసందేశం బాటలోనే 1941లో ‘గబ్బిలం’ రాశారు. ఇందులో యక్షుడి చోట అంటరానితనంతో నలిగిన మనిషి.. మేఘం చోట గబ్బిలం. మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే శివుడికి మొర దానితోనే పంపాడు.

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రే స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ దక్కాయి. 1971లో గుంటూరులో కన్నుమూశారు.

ఏ పద్యం నీకెందుకన్నారో.. ఆ పద్యంతోనే నవయుగ కవిచక్రవర్తి అనిపించుకున్నారు.