బస్తీ బస్తీకీ బడి తెచ్చిన భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాదు సంస్థానంలో అంటరానివారని ముద్ర పడిన కులాల పిల్లలకు చదువు అందని రోజులవి. ఆ రోజుల్లో వారి వాడల్లోనే బడులు తెరిచి, తల్లిదండ్రులను ఆ బడులకు అండగా నిలబెట్టిన నాయకుడు మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబంలో జన్మించారు. అసలు పేరు భాగయ్య. మన వారు ఒకప్పుడు ఈ నేలను ఏలినవారేననీ, రేడు అన్న మాట నుంచే రెడ్డి వచ్చిందనీ చెప్పి ఇంటి గురువు ఆయన పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. సికింద్రాబాదులో ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరి, అక్కడే చదువు, లోకజ్ఞానం సంపాదించుకున్నారు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ బిరుదు ఇచ్చి గౌరవించారు.

హరికథతో మొదలు

పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, ఆయన జగన్ మిత్ర మండలి స్థాపించారు. అక్షరం రాని జనానికి కరపత్రాలు పంచి లాభం లేదు. అందుకని హరికథలు, భజనల ద్వారా మంచిచెడ్డలు చెప్పించారు. కథ వినడానికి చేరిన వారిలోనే చదువు మీద ఆశ పుట్టింది. 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. 1911లో మండలి మన్య సంఘంగా మారింది.

సంస్థానంలో ఉర్దూ రాజభాష. ఈ బడుల్లో మాత్రం పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పాఠాలు సాగాయి. దాంతో బడి పరాయి చోటు కాలేదు.

ఇల్లు మారితేనే బడి నిలుస్తుంది

పిల్లవాడు కూలికి పోతేనే పూట గడిచే ఇళ్లవి. అటువంటి ఇంటి నుంచి బిడ్డను బడికి పంపాలంటే తల్లిదండ్రులకు గుండె ధైర్యం కావాలి. వర్మ ఈ సంగతి గ్రహించారు. అందుకే బడి పెట్టి ఊరుకోలేదు. కల్లు, సారా మానమని వాడవాడా తిరిగి చెప్పారు. బాల్య వివాహాలను ఖండించారు. ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా, మురళీలుగా వదిలే ఆచారాన్ని గట్టిగా ఎదిరించారు. తగవులు వాడలోనే తీరేటట్లు పంచాయతీలు ఏర్పాటు చేశారు. తాగుడుకూ తగాదాలకూ పోయే డబ్బు ఇంట్లో మిగిలితే పిల్లల చదువు సాగుతుందన్నది ఆయన లెక్క.

ఆ లెక్క తప్పలేదు. 1930లు వచ్చేసరికి హైదరాబాదు, సికింద్రాబాదుల్లో 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు అయ్యారు. తరువాత ఆ బడులను నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది.

పేరు కోసం పోరు

1917లో బెజవాడలో ఆంధ్ర పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షులు భాగ్యరెడ్డి వర్మ. పంచములన్న మాట శాస్త్రాల్లో, పురాణాల్లో ఎక్కడా లేదనీ, వీరు ఈ నేలకు ఆదివాసులనీ ఆయన వాదించారు. సభ ఒప్పుకుంది. అది ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. హైదరాబాదులో ఆయన ఉద్యమం ఆది హిందూ పేరుతో నడిచింది. జనాభా లెక్కల్లో తమ వారిని ఆ పేరుతోనే రాయాలని ప్రభుత్వానికి విన్నపాలు పంపారు. 1931 లెక్కల్లో నిజాం ప్రభుత్వం అలాగే నమోదు చేసింది. తలదించుకునే పేరుతో బడి రిజిస్టరు ఎక్కే పిల్లవాడు తలెత్తి చదవలేడని ఎరిగిన వారికి ఇది చిన్న విజయం కాదు.

వర్మ 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అప్పటికి వయసు యాభై ఒకటి నిండలేదు. చాదర్‌ఘాట్‌లో ఆయన కట్టించిన ఆది హిందూ భవన్ ఆ ఉద్యమానికి గుర్తు. అంతకు మించిన గుర్తు, తమ ఇంట్లో మొదటిసారి పలక పట్టిన ఆనాటి పిల్లలూ, వారిని పంపిన నిరుపేద తల్లిదండ్రులూను.