బీప్ వినని సిల్వర్
ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గేట్ పుస్తకాలు కొనే తెలుగు విద్యార్థులకు వెనక అట్టపై బార్‌కోడ్ మామూలే. ఒక్కో అంకెకు రెండు నల్ల గీతలు, రెండు ఖాళీలు. వాటి వెడల్పులే ఆ అంకెను చెబుతాయి. 13 అంకెల్లో మొదటిదానికి విడిగా గీతలుండవు. ఎడమవైపు ఆరు అంకెల అమరికలోనే అది దాగి ఉంటుంది.

ఈ ఆలోచనకు మూలపురుషుల్లో ఒకరు బెర్నార్డ్ సిల్వర్. 1924లో పుట్టారు. 1948లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాసంస్థలో, సరుకుల వివరాలు వాటంతట అవే నమోదయ్యే పద్ధతి కావాలని ఓ కిరాణా సంస్థ అధికారి డీన్‌ను అడగడం ఆయన చెవిన పడింది. మిత్రుడు జోసెఫ్ వుడ్‌ల్యాండ్‌కు చెప్పారు. మోర్స్ కోడ్ చుక్కలను, గీతలను కిందికి సాగదీసి వుడ్‌ల్యాండ్ దారి కనిపెట్టారు. 1952లో ఇద్దరికీ పేటెంట్ దక్కింది. చవకగా చదివే యంత్రమే లేదు.

1963లో, 38 ఏళ్లకే సిల్వర్ కన్నుమూశారు. దుకాణంలో ఓ చూయింగ్ గమ్ ప్యాకెట్‌పై బార్‌కోడ్ తొలిసారి పలికింది 1974లో.