బడి మానినా చదువు మానని జి.డి. నాయుడు

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జి.డి. నాయుడు జీవిత విశేషాలను సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• పాత కారు ఇంజను మొరాయిస్తే కారణాన్ని వరుసగా వెతకగలుగుతారు.

పాఠం

రోడ్డు పక్కన ఒక పాత కారు ఆగిపోయింది. బానెట్ ఎత్తి నలుగురూ నాలుగు కారణాలు చెబుతున్నారు. జంషెడ్‌పూర్‌లోని పర్సుడీహ్‌లో గాని, మీ ఊళ్లో గాని ఇలాంటి దృశ్యం మీరు చూసే ఉంటారు. కారణం తెలియకుండా సామాను మారిస్తే డబ్బు దండుగ. యంత్రాన్ని విప్పి, చూసి, దాని నుంచే నేర్చుకున్న ఒక మనిషి కథ ఇప్పుడు చదువుదాం.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. వారిది తమిళనాడులో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. ఆయనకు బడి రుచించలేదు. చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది.

ఒకనాడు ఒక ఆంగ్ల అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద ఆ ఊరికి వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా నడిచే ఆ బండి నాయుడుగారి మనసును పట్టేసింది. ఆయన కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరారు. జీతంలో మిగిల్చిన 300 రూపాయలతో ఆ బండినే కొన్నారు. కొని ఊరేగలేదు. విప్పారు, మళ్లీ బిగించారు. అదే ఆయన పాఠశాల.

అలాంటి ఇంజను ఎలా పనిచేస్తుందో మనమూ చూద్దాం. పిస్టను కిందికి దిగేటప్పుడు గాలిని పీలుస్తుంది. ఆ గాలి కార్బురేటరులోని ఇరుకు దారిలో వేగంగా పోతూ పెట్రోలును వెంట లాక్కుపోతుంది. బరువు లెక్కన 1 పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి కలవాలి. కార్బురేటరు ఉన్న పాత కార్లలోనూ ఇదే పద్ధతి.

కారు పాతబడితే రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి, గాస్కెట్లు ఎండిపోతాయి. ఆ సందుల్లోంచి దొంగగాలి దూరుతుంది. దీన్నే వాక్యూమ్ లీకు అంటారు. బండి స్లోలో ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ. కాబట్టి దొంగగాలి వాటా పెద్దదై ఇంజను వణుకుతుంది, ఆగిపోతుంది. వేగం పెంచితే కుదుటపడుతుంది. ఫిల్టరు మూసుకుపోయినా, పెట్రోలు పంపు బలహీనపడినా తీరు వేరు. స్లోలో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను నీరసిస్తుంది.

నాయుడుగారు 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. 1937లో ఆయన కృషితో పీళమేడులో విద్యుత్ మోటారు తయారైంది. 1945లో కోయంబత్తూరులో ఏర్పడిన ఇంజనీరింగ్ కళాశాలకు ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. బడి మానేసిన పిల్లవాడు కళాశాలను నడిపే స్థాయికి చేరాడు! నాలుగేళ్ల చదువును రెండేళ్లలో నేర్పవచ్చని ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు.

1952లో 2,000 రూపాయల ధరతో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారు చేశారు. లైసెన్సు రాక అది ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు. 1974 జనవరి 4న కన్నుమూసేవరకు యంత్రాలే ఆయన లోకం.

గుర్తుంచుకోండి

1. మొదట చూడండి, తరువాత వినండి. గాలి లీకైతే బుస్సుమనే శబ్దం రావచ్చు.
2. బండిని నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజనును స్లోలో ఉంచండి. సన్నని గాలి గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టండి. దేన్ని నొక్కితే ఇంజను కుదుటపడుతుందో లీకు అటువైపే ఉంది.
3. ఫ్యాను, బెల్టుల దగ్గర చెయ్యి పెట్టకండి. లీకు వెతకడానికి పెట్రోలు చల్లకండి, మంటలు రేగుతాయి.
4. ఒకసారి ఒక్కటే మార్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాయుడుగారు మోటారు సైకిలు కొనడానికి డబ్బు ఎలా కూడబెట్టారు?
2. ఇంజను స్లోలో వణికి, వేగంలో కుదుటపడితే మొదట దేన్ని అనుమానిస్తారు? ఎందుకు?
3. మీరు బడిలో కాక, పనిలో నేర్చుకున్న విషయం ఒకదాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.